మామిడి తోటలో ఆ రాత్రి వినిపించిన మూడు శబ్దాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫిబ్రవరి చివర్లో నలుగురు స్నేహితులు మైలవరం వైపు, కొండపల్లి అడవిని ఆనుకుని ఉన్న మీ మేనమామగారి మామిడి తోటలో పడుకున్నారు. రాత్రి పదకొండు ప్రాంతంలో పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినట్టు ఒక కూత, అదీ ఒకచోట కాదు, చోటు మార్చుకుంటూ. తర్వాత గోలీ గచ్చు మీద పడి ఎగిరెగిరి ఆగినట్టు ఇంకొకటి, చాలాసేపు. తెల్లవారుజామున మూడింటికి ఎవరో దుంగను రంపంతో కోస్తున్నట్టు ఒక పదిసార్లు, ఆపైన కీచురాళ్ల సడి కూడా లేని నిశ్శబ్దం. పొద్దున కాపలా తాతను అడిగితే, "అది మంచి కూత కాదు బాబూ, ఇంకెప్పుడూ ఆరుబయట పడుకోకండి" అని మాట దాటేశాడు. ఏ జంతువు అయి ఉంటుందని మీరు అడిగారు.

గుంటూరులో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. కొండవీడు, కొండపల్లి, కోటప్పకొండ చుట్టుపక్కల ముప్ఫై ఏళ్లుగా రాత్రిపూట చెవులు రిక్కించుకుని తిరిగిన అనుభవంతో చెబుతున్నాను. మూడింటిలో రెండింటికి పేరు పెట్టగలను. మూడోదాని దగ్గర మీ తాత మాటే నాకు నచ్చింది, కారణం వేరే అయినా.

ముందు ఒక మాట. మీ వర్ణనలో నాకు పనికివచ్చింది "పసిపిల్ల ఏడుపులా" అన్న పోలిక కాదు. పోలిక చెవిది కాదు, మనసుది. తాడును చూసి పాము అనుకోవడం కంటికే కాదు, చెవికీ ఉన్న జబ్బే. చీకట్లో నెమలి కూసినా, నక్క కూసినా, పిల్లులు కొట్లాడుకున్నా, గూబ అరిచినా అందరూ నాతో చెప్పేది "పిల్ల ఏడ్చినట్టు" అనే. నాకు కావలసినవి వేరే. ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత ఎడం, నేల మీద నుంచా చెట్టు మీద నుంచా, ఉన్నచోటే ఉందా కదిలిందా, ఒక గొంతా రెండా. అదృష్టవశాత్తూ మీరు వీటిలో సగం రాశారు.

మొదటి శబ్దం. మీరు రాసిన వరుస ఇది: చిన్నగా "పిక్, పిక్, పిక్" అని మొదలైంది, వేగం పెరిగింది, పైకి లేచి సాగదీసిన ఈలలా మారింది, మళ్లీ తగ్గింది. కాసేపటికి వేరే వైపు నుంచి మరో గొంతు అందుకుంది. అంతా నేలబారుగానే వినిపించింది. తోటలో బోదెల మధ్య ఖాళీ నేల, పక్కన రాళ్ల బీడు, వెన్నెల రాత్రి. ఇది స్టోన్ కర్లూ అనే పక్షి. నాటుకోడి పెట్ట అంత ఉంటుంది. ఎండుగడ్డి రంగు ఒళ్లు, సన్నటి పొడుగు కాళ్లు, ముఖానికి మించిన పెద్ద పసుపుపచ్చ కళ్లు. పగలంతా పొద కింద రాయిలా కూర్చుంటుంది. మీరు మూడడుగుల దూరంలో నడిచి వెళ్లినా కదలదు. చీకటి పడ్డాక బయటికి వచ్చి, పరుగులు తీస్తూ పురుగుల్ని ఏరుకుంటూ కూస్తుంది. అందుకే కూత చోటు మారింది. రాళ్ల బీళ్లు, ఎండిన వాగులు, మామిడి తోటలు దీనికి ఇష్టమైన చోట్లు. ఫిబ్రవరి నుంచి గుడ్లు పెట్టే కాలం కాబట్టి గొంతు కూడా అప్పుడే లేస్తుంది.

ఒకసారి కొండవీడు దిగువన ఒక బీట్లో టార్చి వేస్తే రెండు కళ్లు నేల మీద బొగ్గు కణికల్లా వెలిగాయి. కదలకుండా నిలబడ్డాను. కళ్లు కూడా కదల్లేదు. చాలాసేపటికి ఒక కాలు ఎత్తి, ఆలోచించుకుని, దించి, మరో కాలు ఎత్తింది. ఆ నడక చూస్తే నవ్వు వస్తుంది. పది నిమిషాల తర్వాత అదే పక్షి చీకట్లోకి వెళ్లి గొంతు విప్పితే, చూసినవాడిని నాకే ఒళ్లు జలదరించింది.

నక్క కాదని ఎలా చెబుతున్నానంటారా? నక్కల ఊళలో ఒకటి ఎత్తుకుంటే మిగతావి కలుస్తాయి. అరుపులు ఒకదాని మీద ఒకటి పడి గోల గోల అవుతుంది, నిమిషంలో ఆగిపోతుంది. ఎక్కువగా మునిమాపు వేళ, తెల్లవారబోయే ముందు. రెండు నక్కలు కూసినా పదింటి మంద అనుకుంటాం. గూబల్లో ఒకటి మాత్రం గట్టి పోటీ. అడవి గూబల్లో మోటిల్డ్ వుడ్ అవుల్ అని ఉంది, ఊరి శివారు చింత తోపుల్లో, మామిడి తోపుల్లో ఉంటుంది. దాని కూత వణుకుతూ సాగే ముసలి నవ్వులా ఉంటుంది. కేరళలో దాన్ని చావు తెచ్చే పక్షి అని భయపడతారు. మనవైపు ఆ అపవాదు ఎక్కువగా తీతువు మోస్తోంది, పాపం. దాని తప్పల్లా గుడ్ల దగ్గరికి ఎవరు వచ్చినా, అర్ధరాత్రయినా సరే, గోలపెట్టడమే. కానీ గూబ కూసేది చెట్టు మీద నుంచి, అదీ ఎక్కువసేపు ఒకేచోట నుంచి. మీది నేల మీద పరిగెత్తింది.

ఈ సందర్భంలో దుమ్ములగొండి గురించి ఒక మాట. మీ స్నేహితుల్లో ఒకరు "నవ్వే హైనా" అన్నారని రాశారు. టీవీలో నవ్వేది ఆఫ్రికాలోని మచ్చల హైనా. మన దేశంలో ఉన్నది చారల హైనా, అదే దుమ్ములగొండి. దాదాపు మూగజీవి అనుకోండి.

రెండోదానికి మీరు రాసిన గోలీ పోలిక ఒక్కటే నేను ఒప్పుకునే పోలిక, ఎందుకంటే అందులో లయ ఉంది. చక్, చక్, చక్ అని మొదలై, ఎడం తగ్గుతూ తగ్గుతూ చివర్న "ర్ర్ర్" అని కలిసిపోవడం. అది నైట్‌జార్ పిట్ట, సందేహం లేదు. సాయంత్రం మట్టిరోడ్డు మీద కూర్చుని, బండి దగ్గరికి వచ్చాక లేచి ఎగిరిపోయే ఎండుటాకు రంగు పిట్టను మీరు చూసే ఉంటారు.

మూడో శబ్దానికి వచ్చేముందు, రాత్రిపూట చెవి ఎందుకు మోసపోతుందో చెప్పాలి. పగలు నేల వేడెక్కి, దాని పక్కనున్న గాలి వేడిగా, పైన చల్లగా ఉంటుంది. శబ్దం పైకి వంగి పోతుంది. రాత్రి ఇది తిరగబడుతుంది. నేల త్వరగా చల్లారి, కింద చల్లగాలి, పైన కాస్త వెచ్చటి గాలి పొర. వేడిగాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి అలలు తిరిగి నేలవైపు వంగుతాయి. మబ్బు లేని, గాలి లేని చలికాలపు రాత్రుల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే పగలు వినిపించని కిలోమీటర్ల దూరపు శబ్దం రాత్రి పెరట్లో నుంచి వచ్చినట్టు ఉంటుంది. విజయవాడ–ఖాజీపేట లైను కొండపల్లి మీదుగానే పోతుంది. గూడ్సు బండి మలుపు తిరిగేటప్పుడు చక్రం పట్టాను ఒరుసుకునే కీచుమనే శబ్దం కొండ వెనక నుంచి వింటే, ఏదో జంతువు నొప్పితో అరుస్తోందనే అనుకుంటారు. దూరం పోయేకొద్దీ శబ్దంలోని సన్నటి భాగం ముందు కరిగిపోయి, మొద్దు భాగమే మిగులుతుంది. ఏ ఊళ్లోనో ఎద్దు రంకె వేస్తే మీకు గుర్రుమనే మూలుగులా చేరుతుంది.

కొండల దగ్గర ప్రతిధ్వని ఇంకో చిక్కు. 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. ఎదురుగా 170 మీటర్ల దూరంలో కొండచరియ ఉంటే, మీ దగ్గర పుట్టిన కూత సెకనులో తిరిగి వస్తుంది. "ఒకటి కూస్తే మరొకటి బదులిచ్చింది" అన్నప్పుడు నేను ఎడం లెక్కపెట్టమంటాను. ప్రతిసారీ బదులు సరిగ్గా అంతే ఎడంతో, అదే మాటను అప్పజెబుతూ వస్తే అది కొండ. ఎడం మారుతుంటే, ఒక్కోసారి బదులే రాకపోతే, అవతల నిజంగానే ఎవరో ఉన్నారు.

లెక్కపెట్టడం నన్ను ఒకసారి పెద్ద అవమానం నుంచి కాపాడింది. ఏడెనిమిదేళ్ల క్రితం కొండవీడు కొండల పక్క పల్లెలో ముగ్గురు విద్యార్థులతో రాత్రి ఉన్నాను. పొలాల వైపు నుంచి పులి గాండ్రింపు వినిపించింది. అనుమానం లేదు, పులే. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అక్కడికి చాలా దూరం. అయినా పులికి దూరం ఒక లెక్కా అని గుండె వాదించింది. పిల్లలు కారెక్కి అద్దాలు ఎత్తేశారు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను, ధైర్యం వల్ల కాదు, మోకాళ్లు లేవనివ్వక. సరిగ్గా 40 సెకన్లకు మళ్లీ అదే గాండ్రింపు. మళ్లీ 40 సెకన్లకు. నాలుగోసారి విన్నప్పుడు గాండ్రింపు మధ్యలో ఎక్కడో కోడి కూసింది. ఐదోసారీ అక్కడే కూసింది. ఆరోసారీ. పొద్దున్నే వెళ్లి చూస్తే మొక్కజొన్న చేలో కర్రకు కట్టిన చిన్న మైకు, కింద బ్యాటరీ. అడవి పందుల్ని బెదరగొట్టడానికి రైతు పెట్టుకున్న రికార్డింగు. "పందులు దీనికి ఎప్పుడో అలవాటు పడ్డాయి సార్, కొత్తగా భయపడింది మీరే" అన్నాడు ఆ పెద్దమనిషి, నవ్వు దాచుకోకుండా. ఏ జీవీ ఒకే కూతను ఒకే ఎడంతో, ఒకే పొడవుతో పదిసార్లు కూయదు. అలా కూస్తే కరెంటు మీద బతికే జీవి అని అర్థం. ఇప్పుడు మిరప, మొక్కజొన్న చేలల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. కుక్కల అరుపులు, బాణసంచా మోతలు కూడా పెడుతున్నారు.

ఇక రంపం కోత. దీనికి మూడు సమాధానాలు ఉన్నాయి, ఒకటి హాస్యం. మీ తాత గురక. నవ్వకండి, పాక గోడకు తగిలి బయటికి వచ్చే గురకను "క్రూరమృగం" అని రికార్డు చేసి పంపినవాళ్లు నాకు ఇద్దరున్నారు.

రెండోది గూబ పిల్లలు. పాత గోడ కన్నాల్లో, చెట్టు తొర్రల్లో, బావి గట్ల సందుల్లో పెరిగే తెల్ల గూబ పిల్లలు ఆకలికి గురకలాంటి బుసలు కొడతాయి. 2017లో విశాఖపట్నంలో ఒక కట్టడంలో దొరికిన ఈ పిల్లల వీడియో గ్రహాంతరవాసులంటూ దేశమంతా తిరిగింది, గుర్తుండే ఉంటుంది. అయితే వాటి బుస రాత్రంతా సాగుతుంది, తల్లి ఎలుకను తెచ్చినప్పుడల్లా పెరుగుతుంది. ఎప్పుడూ ఒకేచోటి నుంచి వస్తుంది. మీకు ఒక్కసారే, పది పన్నెండు కోతలు మాత్రమే వినిపించాయి కాబట్టి ఇది పోయినట్టే.

మూడోది చిరుత. చిరుత గాండ్రించడం అరుదు. తన హద్దు చాటుకోవడానికి, జోడును పిలవడానికి అది చేసే శబ్దం అచ్చంగా బరకగా ఉన్న దుంగను పెద్ద రంపంతో కోసినట్టే ఉంటుంది. ఊపిరి వదిలినప్పుడు ఒక కోత, పీల్చినప్పుడు ఇంకొకటి. రంపం ముందుకు, వెనక్కు ఆడినట్టు రెండింటికీ స్వరం తేడా ఉంటుంది. ఇలా ఓ పది పన్నెండు లాగుళ్లు, పావు నిమిషం లోపు, తర్వాత నిశ్శబ్దం. మళ్లీ కూస్తే నిమిషాల తర్వాత, అదీ వేరే చోటు నుంచి, ఎందుకంటే అది నడుస్తూ కూస్తుంది. కొండపల్లి అడవి సుమారు 120 చదరపు కిలోమీటర్లు. అక్కడ చిరుతలు ఉన్నాయన్న వార్తలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. మీరు రాసిన వేళ, లెక్క, ఆ తర్వాతి మౌనం, అన్నీ దీనికే సరిపోతున్నాయి. నా పందెం దీని మీదే. మీ తాత సలహా బాగుందన్నది అందుకే. మామిడి కాపు కాలంలో కాపలా ఉండక తప్పదు, సరే. నేల మీద, ఆరుబయట, తలా ఒక దిక్కున పడుకోవడం మానేయండి. మేకలుంటే దొడ్లో కట్టి తడిక వేయండి. రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తే ఒంటరిగా వెళ్లకండి, మాట్లాడుకుంటూ, టార్చి వేసుకుంటూ వెళ్లండి. చిరుత మనిషిని తప్పుకుని తిరగాలనే చూస్తుంది, మీరు వస్తున్నట్టు దానికి తెలిస్తే చాలు.

అడుగుజాడ చూశారా? తోట బాట మీద పిండిలాంటి దుమ్ము ఉంటుంది కదా, పొద్దున్నే ఎవరూ నడవకముందు వంగి చూడండి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి వేళ్ల ముందు గోటి గీతలు పడవు. కుక్క జాడలో పడతాయి. చిరుత జాడ గుండ్రంగా, పెద్దవాళ్ల అరచేతిలో సరిపోయేంత ఉంటుంది. మడమ మెత్తటి భాగం వెనకవైపు మూడు గుబ్బలుగా ఉంటుంది. జాడ కనిపిస్తే పక్కన అగ్గిపెట్టె పెట్టి పైనుంచి ఫోటో తీసి అటవీ శాఖ బీటు అధికారికి చూపించండి. మీరే వెతుక్కుంటూ అడవిలోకి పోకండి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోవడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం కూడా.

ఆ నిశ్శబ్దం సంగతి. "పులి వస్తే అడవి ఊపిరి బిగబడుతుంది" అని అందరూ చెప్పుకుంటారు. కోతులు, జింకలు, పక్షుల విషయంలో జరిగేది దాదాపు దానికి తిరగబడి ఉంటుంది. చిరుత కనిపిస్తే కొండముచ్చు ఖక్ ఖక్ అని దగ్గుతుంది, నెమలి అరుస్తుంది, అడవి గోలెత్తిపోతుంది. కీచురాళ్లు ఆగిపోవడానికి మామూలు కారణాలు రెండు. ఒకటి మీరే. మీరు నలుగురూ ఉలిక్కిపడి లేచి అటూ ఇటూ కదిలి ఉంటారు, నేల అదిరితే దగ్గరి పురుగులు నోరు మూస్తాయి. రెండోది చలి. పురుగు ఒంటికి సొంత వేడి లేదు. 1897లోనే అమోస్ డాల్బేర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, కీచురాయి నిమిషానికి ఎన్నిసార్లు కూస్తుందో లెక్కపెట్టి గాలి ఎంత చల్లగా ఉందో చెప్పవచ్చని రాశాడు. చల్లబడేకొద్దీ కూత మందగిస్తుంది. ఫిబ్రవరి తెల్లవారుజామున అవి ముందే ఆగిపోయి ఉండవచ్చు, మీరు చెవి పెట్టి విన్నది ఆ తర్వాత కావచ్చు.

మీరు అడగకపోయినా, చిరుత కన్నా ముందు చెప్పాల్సిన శబ్దం ఒకటుంది. కోటప్పకొండ పక్క బాటలో ఒక సాయంత్రం నా ముందు నడుస్తున్న అబ్బాయి ఉన్నట్టుండి ఆగి, "సార్, ఇక్కడ కుక్కర్ ఎవరు పెట్టారు?" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. అతని మోకాలికి రెండడుగుల దూరంలో ఎండుటాకుల మీద రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంది. ఒళ్లంతా కొలిమి తిత్తిలా ఉబ్బుతూ, అణుగుతూ, ఊపిరి లోపలికి బయటికి ఆపకుండా బుస కొడుతోంది. వెనక్కి, చాలా నెమ్మదిగా, ఒక్కో అడుగు వేయించాను. చిన్న పింజర అనే మరో విషప్పాము అయితే బుస కాదు, ఒంటి చుట్టలు ఒకదానితో ఒకటి రాచుకుని మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు గరగర వినిపిస్తుంది. తోటలో చీకట్లో కుక్కరో, మూకుడో వినిపిస్తే కాలు ఎక్కడుందో అక్కడే ఆపి, టార్చి వేసి, చూశాక కదలండి. కాటు పడితే మంత్రగాడు కాదు, కట్లు, కోతలు కాదు, కాలు కదపకుండా నేరుగా పాము విషానికి మందు ఉన్న పెద్దాసుపత్రికి.

ఫోనులో రికార్డు చేయడానికి మొదటి క్షణంలోనే తడబడతాం, అందరం అంతే. ఫోను మంచం మీద పెట్టి, బటను నొక్కి, నోరు మూసుకోండి. శబ్దం ఆగినా ఇంకో రెండు నిమిషాలు వదిలేయండి, ఎడం తెలుస్తుంది. చివర్లో టైము, ఏ వైపు నుంచి వచ్చిందో గొంతుతో చెప్పి ఆపండి. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ ఆప్ పక్షుల కూతలకు పేర్లు సూచిస్తుంది. చిరుతకో, నక్కకో వినిపించి చూడకండి, అది పక్షుల కోసమే. పక్షికి కూడా ఏదో ఒక పేరు చెప్పేస్తుంది, నమ్మేముందు 2005 నుంచి నడుస్తున్న జెనో కాంటో సైటులో ఆ పేరుతో ఉన్న రికార్డింగులు విని పోల్చుకోండి. ఆ రికార్డింగును తోటలో గట్టిగా పెట్టి పక్షిని పిలవాలని మాత్రం చూడకండి. గుడ్ల మీదున్న పక్షి గూడు వదిలి తగాదాకు వస్తుంది.

మూడో శబ్దం మీద నా పందెం గెలిచానో లేదో తేలడానికి తాతను ఒకటి అడిగి రాయండి. ఆ రాత్రి ఊరి కుక్కలు మొరుగుతూనే ఉన్నాయా, లేక మొరిగి మొరిగి ఒక్కసారిగా ఆగి ఇళ్లలోకి దూరాయా? దొంగను చూస్తే కుక్క గొంతు పెంచుతుంది. చిరుత వాసన తగిలితే తోక ముడిచి గుమ్మంలోకి వస్తుంది. తాతకు ఈ తేడా తెలిసే ఉంటుంది. ఆయన మాట దాటేసిన తీరు చూస్తే, పొద్దున్నే కుక్క ఎక్కడ పడుకుందో కూడా ఆయన చూసుకునే ఉంటాడని నా అనుమానం.